ఇంటి యజమాని కూర్చోని రోజు

విసారియన్ గురువుగారిని ఏదైనా అడిగితే ముందు గడ్డం దువ్వుకునేవారు. ఆ గడ్డం పొడవు చూసి, సెర్బియా కొండల్లోని ఆ మఠంలో చాలామంది ప్రశ్నలు అడగడమే మానేశారు. శిష్యుడు తెయోఫాన్‌కు మాత్రం ఆ రోజు అడగక తప్పలేదు. పెద్ద మఠానికి అధిపతిగా రమ్మని అతనికి కబురొచ్చింది. వెళ్లాలని ఉంది. వెళితే తాను తానుగా మిగలనేమోనని భయంగానూ ఉంది. అతని నడకలోకి అధిపతి అప్పుడే వచ్చేశాడని వంటశాలలో అనుకున్నారు, అది వేరే సంగతి.

"పెద్ద పీట ఎక్కినవాడు పాత మనిషిగా ఉండగలడా, తండ్రీ?"

గురువుగారు తాను సైన్యంలో ఉన్న రోజుల కథ ఎత్తుకున్నారు. సన్యసించక ముందు ఆయన వుకాషిన్ దళంలో తుర్కులతో పోరాడారు. వుకాషిన్ అంతకు ముందు పందుల వ్యాపారి. పందులే నయం, చెప్పిన మాట వింటాయి అనేవాడట. ఆ దేశంలో ప్రతి ఇంటినీ కాచే పునీతుడు ఒకరుంటారు, ఆయన పండుగనాడు ఇంటి యజమాని కూర్చోకూడదు. టోపీ తీసి, నిలబడి, అతిథులకు తన చేత్తో సారా పోయాలి. ఒక ఏడు ఆ పండుగ కందకంలో వచ్చింది. కందకమే నా ఇల్లని వుకాషిన్ మంచులో టోపీ తీసి, ఉన్న ఒక్క గిన్నెతో అందరికీ ప్లమ్ పళ్ల సారా పోశాడు. అది పుల్లగా ఉందనీ, అంత మంచి సారా మళ్లీ తాగలేదనీ గురువుగారు ఒకే ఊపిరిలో చెప్పారు.

యుద్ధం ముగిసింది. వుకాషిన్ మంత్రి అయ్యాడు. పండుగకు పాత సైనికులు రాజధానికి నడిచి వెళ్లారు. మంత్రి కుర్చీలో ఉన్నాడు, నౌకర్లు పోస్తున్నారు. వీళ్లెవరూ కూర్చోలేదు, గిన్నె ముట్టలేదు. నోటికి తాళం లేని స్టాంకో అడిగేశాడు.

"ఏమయ్యా వుకాషిన్, నువ్వూ చుట్టంగానే వచ్చావా? ఇంటాయన ఏడీ?"

మంత్రి ముఖం కందిపోయింది. టోపీ తీశాడు, కూజా అందుకుని లేచాడు. ఒక్క అడుగుకే మోకాలు మడతపడింది. తూటా తగిలిన కాలు ఎప్పుడో ఎండిపోయింది. ఆ సంగతి దాచి, అందరితో కూర్చునే మాట్లాడేవాడు. గర్వమని లోకం అనుకుంటే అనుకోనిచ్చాడు. గర్విష్ఠి మంత్రికి పదవి ఊడదు, కుంటివాడికి ఊడుతుంది.

స్టాంకో మంత్రి కుడిచేయి కింద తన భుజం పెట్టాడు. ఎడమవైపు ఇంకొకరు పట్టారు. సాయంత్రం దాకా మంత్రి అతిథి నుంచి అతిథికి తిరిగి, తన చేత్తోనే పోశాడు.

తెయోఫాన్ ఇంకా ఏదో ఉందని ఎదురుచూశాడు. చివరికి, "అయితే నన్ను వెళ్లమంటారా?" అన్నాడు.

"ఎడమవైపు పట్టుకున్నది నేనే," అన్నారు గురువుగారు. "మేమున్నామని అంతకాలం ఆయనకెందుకు గుర్తురాలేదో, నాయనా."