తిట్టు పడని ఇల్లు

కామేశం గారికి ఒక అలవాటుండేది. శిష్యుల్లో ఎవరైనా వచ్చి "ఫలానా ఇంటి పని అయిపోయిందండీ" అని చెబితే, కప్పు ఎలా కుదిరిందని గాని, గోడలు ఆరాయా అని గాని అడిగేవారు కాదు. చేతిలో ఉన్న పొడుంకాయ పక్కన పెట్టి, "ఇంటివాళ్ళు తిట్టారా?" అని అడిగేవారు. లేదండీ, చేతులెత్తి దణ్ణం పెట్టారు అని చెబితే ఆయన ముఖం చిన్నబోయేది. "అయితే ఇంకా అవలేదన్నమాట. మళ్ళీ వెళ్ళిరా," అనేవారు.

ఆయన ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి. కళింగపట్నం వైపు సముద్రపు పేటల్లో తుఫానులకు చెడిన ఇళ్ళను, ఉన్నవాళ్ళ దగ్గర సాయం తెచ్చి లేనివాళ్ళకు ఉచితంగా బాగుచేయించే సేవాసంఘం ఒకటుంటే, దాని పనులన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. పెద్దలు ఇల్లు కట్టి చూడమన్నారు గాని, ఇంకొకరి ఇల్లు బాగుచేసి చూడమనలేదు. ఆ కష్టం వాళ్ళ దాకా వచ్చి ఉండదు. వస్తే సామెత ఇంకో రకంగా ఉండేది.

ఆ విద్య నేర్చుకుందామని ఆయన దగ్గర చేరినవాడు వైకుంఠరావు. పాలిటెక్నిక్ చదివాడు, చురుకైనవాడు. ఇసుకా సిమెంటూ వేళకు దింపించడం, ఏ పని వెనక ఏ పనో వరస వేయడం, ఒక ఇంట్లో పూత ఆరేలోగా మేస్త్రీలను ఇంకో ఇంటికి మళ్ళించడం, ఇవన్నీ కొద్ది నెలల్లోనే ఒంటబట్టించుకున్నాడు. కామేశం గారు సంతోషించి, మొట్టమొదటిసారిగా ఒక ఇంటిని పూర్తిగా అతని చేతికే వదిలేశారు. అది మైలపల్లి పోలమ్మ ఇల్లు.

పోలమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి. భర్త ఎక్కడో పడమటి తీరాన వేరావల్లో బోట్ల మీద పని చేస్తాడు, ఏడాదిలో ఎప్పుడో గాని ఇంటికి రాడు. కిందటి తుఫాను ఆవిడ ఇంటి పెంకులన్నీ ఎత్తుకుపోయింది, ముందు వసారా గోడను సగానికి విరిచేసింది. వైకుంఠం ఆ ఇంటిని సొంత చెల్లెలి పెళ్ళికి సిద్ధం చేసినట్టు సిద్ధం చేశాడు. కొత్త దూలాలు, కొత్త పెంకులు, నున్నటి గచ్చు, లేత ఆకుపచ్చ సున్నం. వసారా ముందు విరిగి మిగిలిన మొండిగోడ చూడ్డానికి అసహ్యంగా ఉందనీ, ఎవరి మీదైనా పడుతుందనీ, పోలమ్మ సంతకు వెళ్ళిన రోజు చూసి దాన్ని మొదలంటా తీయించాడు. ఆ చోట బారుగా, పొట్టిగా చక్కటి అరుగు పోయించాడు. ఆవిడ సాయంత్రం గంపతో తిరిగొచ్చి, ఆ చోటును కాసేపు చూసి, "బాగున్నాది బాబూ. ఇంటికి ఎలుగొచ్చినాది," అంది. ఆ మాటకు వైకుంఠం ఆ రాత్రి మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇక మిగిలింది పాలు పొంగించి ఇల్లు అప్పజెప్పడమే. అప్పజెప్పేస్తే మేస్త్రీలందరూ ఖాళీ అవుతారు. వెనక వీధిలో గనగళ్ళ ఎల్లయ్య ఇంటికి కప్పే లేదు, పసిపిల్లలతో టార్పాలిన్ కింద ఉంటున్నాడు. తూర్పున మబ్బులు కూడుతున్నాయి. వానలకు ముందే కప్పు వేయిస్తానని వైకుంఠం మాటిచ్చేశాడు. అందుకని పరుగున వచ్చి పోలమ్మ ఇల్లు అయిందని చెప్పాడు. కామేశం గారు అడగవలసిన మాట అడిగారు. తిట్టలేదండీ, దణ్ణం పెట్టిందన్నాడు వైకుంఠం. మళ్ళీ వెళ్ళిరా అన్నారాయన.

వైకుంఠానికి ఉక్రోషం వచ్చింది. "గురువుగారూ, పని బాగా చేసినవాడికి తిట్టెందుకు పడుతుందండీ? పోనీ, అసలు ఒక ఇంటి పని పూర్తయిందని ఎలా తెలుస్తుందో మీరే చెప్పండి," అన్నాడు. కామేశం గారు పొడుం పీల్చి, సుఖంగా ఒక తుమ్ము తుమ్మి, "వెళ్ళి తిట్టించుకురా," అన్నారు.

లోకంలో తిట్లు తప్పించుకోవడానికి తిరిగేవాళ్ళున్నారు గాని, తిట్లు అడుక్కోవడానికి తిరిగినవాడు వైకుంఠం ఒక్కడే అయి ఉంటాడు. పది గంటల వేళ పోలమ్మ ఇంటికి వెళ్ళాడు. సంతరోజే గాని ఆవిడ ఇంటి దగ్గరే ఉంది. "వెళ్ళలేదా అమ్మా?" అంటే, "ఆలీసం అయిపోనాది బాబూ," అంది. అతనికి తన గొడవే తనది, ఆ మాట చెవిలో పడింది గాని బుర్రలోకి దిగలేదు. తిన్నగా ఇంట్లోకి నడిచి కప్పు చూపించాడు. ఆవిడ గుమ్మం బయటే నిలబడి, "బాగున్నాది," అంది. సున్నం చూపించాడు. బాగున్నాది. చివరికి తన పనికి తానే వంకలు పెట్టడం మొదలెట్టాడు.

"ఈ కిటికీ రెక్క బిగుసుకుంది చూడమ్మా."

"బిగుసుకుంటే మంచిదే. దొంగలు రారు."

"తలుపు కిర్రుమంటోంది."

"ఒంటరిదాన్ని కదా బాబూ, నాకు తోడుంటాది."

వైకుంఠానికి తలప్రాణం తోకకొచ్చింది. "ఏదో ఒకటి అనమ్మా తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అని చేతులు జోడించాడు. పోలమ్మ భయపడిపోయింది. "అదేటి బాబూ! దరమంగా సేసిన పనికి వొంక పెడితే కళ్ళు పోవా? దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచీదాన్నా నాను?" అంది. పైగా గుమ్మం బయటే అతనికి టీ ఇచ్చి సాగనంపింది.

జరిగినదంతా విని కామేశం గారు ఒక్క మాటే అడిగారు. "నువ్వు వెళ్ళింది నీకు వీలైన వేళకా, ఆవిడకు పనున్న వేళకా?" ఆ మర్నాడు కూడా పక్క ఊళ్ళో సంత ఉంది. తెల్లవారుతూనే గురువూ శిష్యుడూ పేటలో దిగారు.

పేటంతా అప్పటికే లేచి ఉంది. ఆడవాళ్ళు గంపలెత్తుకుని, నవ్వుకుంటూ, ఒకరినొకరు కేకలేసుకుంటూ మొదటి బస్సుకు పోతున్నారు. ఆ బస్సు అందినవాళ్ళకే సంతలో నాలుగు దారులు కలిసేచోట జాగా. ఆలస్యంగా వెళ్ళినవాళ్ళు చివర బురదలో కూర్చోవాలి. అటు కొనేవాళ్ళు రారు, ఈగలే వస్తాయి. పోలమ్మ తన ఇంటి ముందు గంప నింపుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని నిలబడి ఉంది. దారిన పోయేవాళ్ళ వంక చూస్తోంది. ప్రతివాళ్ళ నెత్తి మీదా బరువుంది, ఎవరిని ఆగమంటుంది? వీళ్ళను చూసి గబుక్కున నవ్వు తెచ్చుకుని, "రండి బాబూ, కూకోండి," అంది.

కామేశం గారు కొత్త అరుగు మీద కూర్చున్నారు. "మేం గాలి పోసుకోవడానికొచ్చాం. నీ పని కానీవమ్మా," అన్నారు. పోలమ్మ గంప వంక చూసింది, దారి వంక చూసింది. మలుపులో బస్సు హారన్ వినబడింది. ఆవిడ చీర కొంగు చేత్తో నలపడం మొదలెట్టింది. "వైకుంఠం, ఒక చెయ్యి వెయ్యి," అన్నారు కామేశం గారు.

వైకుంఠం ప్యాంటు పైకి మడిచి, వీరుడిలాగా గంపకు చేతులేశాడు. గంప ఎత్తడం చెయ్యి తిరిగినవాళ్ళ పని అనీ, రెండు వైపులా ఒక్కసారే లేవాలనీ అతనికేం తెలుసు? అతని వైపు ఎగిరి లేచింది, ఆవిడ వైపు కుంగింది. మళ్ళీ సర్దబోతే ఇటు ఒరిగింది. గంపలోని ఎండు నెత్తళ్ళు, సావిడి చేపలు వాన కురిసినట్టు వైకుంఠం నెత్తిన కురిశాయి. జుట్టులో నెత్తళ్ళు, చొక్కా లోపల నెత్తళ్ళు, జేబులోంచి తోక బయటపెట్టి ఒక సావిడి. కామేశం గారు పొట్ట పట్టుకుని నవ్వారు. పోలమ్మ కూడా ఆపుకోలేక ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోనే బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. పోలమ్మ నవ్వు కూడా దాంతోపాటే పోయింది.

వైకుంఠం కింద కూర్చుని చేపలు ఏరుతూ, "రోజూ ఎవరెత్తుతారమ్మా నీకిది?" అన్నాడు.

"ఎవులు దొరికితే ఆలు."

"ఎవరూ దొరక్కపోతే?"

"ఆలీసం అయిపోద్ది."

నిన్న విన్న మాటే. ఇవాళ బుర్రలోకి దిగింది. వైకుంఠం చేతిలో చేపలు చేతిలోనే ఉండిపోయాయి. "మరి ఇదివరకు ఎలా ఎత్తుకునేదానివి?" అని మెల్లగా అడిగాడు. పోలమ్మ చక్కగా, బారుగా, మోకాటికి కూడా రాని కొత్త అరుగును చూసింది. అరుగు మీది పెద్దమనిషిని చూసింది. కామేశం గారు లేచి నిలబడ్డారు. "పళ్ళు ఎంచమ్మా, ఫరవాలేదు. ఆవు నీదే," అన్నారు.

అంతే, కట్ట తెగింది.

"ఇదివరకా? ఇదివరకు నాకు గోడుండీది! ఆ మొండిగోడ మీదే గంప ఎట్టుకుని, సేపలు పేర్సుకుని, కిందకొంగి నెత్తికెత్తుకుని ఎలిపోయీదాన్ని. వొచ్చి దాని మీదే దించుకుండీదాన్ని. మా ముసిలోడు ఏరావల్లో ఉంటే నాకు మొగోడి లెక్క ఆ గోడే! సంతకెల్లిన రోజు సూసి కూలగొట్టీసినావు. ఎవుల్నడిగి తీసినావు బాబూ? పున్నానికి సేసినా నోరెత్తి ఒక మాట అడగాలని తెల్దేటి? కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడినట్టు, ఇల్లు బాగుపడి నా యాపారం పోనాది!"

ఆవిడ అంతటితో ఆగితే కదా! వైకుంఠం రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయింది. గుమ్మం దాటి, ఇంటి నడిమధ్యన నిలబడి, నడుం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో చూపిస్తూ ఉతికి ఆరేసింది. "ఈ అటక ఎవులి కోసం? నీ పొడుగు సూసుకుని కట్టినావు. ఉప్పు దించుకోవాలంటే నాను నిచ్చెన కొనుక్కోవాల. ఈ సున్నమేటి, ఆసుపత్రి మాదిరి? పొద్దున్న లెగిస్తే ఎవులో సూదేత్తారేమో అని భయమేస్తంది. ఇక ఆ పెరట్లో సూరునీళ్ళు సరిగ్గా సేపలు ఎండబెట్టీ సోటే పడతాయి. ఎండబెట్టుకోమంతావా, మళ్ళీ ఈత నేర్పమంతావా? కిర్రుమనీ తలుపు తోడంట! నానేదో మరియాదకి అన్నాను, నువ్వు నమ్మీసినావు. నా గోడ లెగిసీదాకా ఈ ఇంట్లో పాలు పొంగించీది లేదు!"

గుమ్మం ముందు పేట జనం పోగయ్యారు. ఒక ముసలావిడ "అలాగ అడుగే!" అని చప్పట్లు కొట్టింది. తిట్లు తింటున్న వైకుంఠానికి మొదట చెవులు కాలాయి. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఏమైందో అతనికే తెలియదు, చొక్కాలో నెత్తళ్ళు గుచ్చుకుంటుండగా కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎన్ని రోజులుగా ఈ ఇంటికి వస్తున్నాడు, పోలమ్మకు ఇంత గొంతుందని అతనికి తెలియనే తెలియదు! "నవ్వుతావేటి? ఇసక తీసుకురా!" అందావిడ. చిత్తం అన్నాడతను.

మేస్త్రీలొచ్చారు. ఒక్కణ్ణి పోలమ్మ దగ్గర ఉంచి, మిగతావాళ్ళను ఆ పూటే ఎల్లయ్య కప్పు మీదికి పంపించాడు వైకుంఠం. గోడ ఎత్తు ఎంతన్నాడు మేస్త్రి. వైకుంఠం అలవాటుగా జేబులో టేపు కోసం వెతికితే సావిడి చేతికొచ్చింది. పోలమ్మ ఒక బొగ్గుముక్క తీసుకుని, పక్క గోడ మీద తన భుజానికి కొంచెం కింద గీత గీసి, "ఇక్కడికి. తగ్గినా ఊరుకోను, మించినా ఊరుకోను," అంది. ఈసారి గురువూ శిష్యుడూ చెరోవైపు పట్టి ఆవిడ గంప నెత్తికెత్తారు. ఆవిడ ఆటో ఆపి, ఎక్కి, సగం దూరం పోయేదాకా వెనక్కి తిరిగి మేస్త్రికి పని చెబుతూనే ఉంది.

ఇద్దరూ తిరిగి నడుస్తున్నారు. గాలి చల్లగా ఉంది, తూర్పున మబ్బు ఇంకా ఆగే ఉంది, ఎల్లయ్య ఇంటి మీద దూలాలు లేస్తున్న చప్పుడు వినబడుతోంది. వైకుంఠానికి ఎందుకో ఈల వేయాలనిపించింది గాని గురువుగారి పక్కన బాగుండదని మానేశాడు. కొంత దూరం పోయాక, "గురువుగారూ, ఒక్కటి మాత్రం అర్థం కాలేదండీ. ఇంటికి వెళ్ళి, అన్ని వంకలు చూపించి, చేతులు జోడించి అడిగినా ఆవిడ ఒక్క మాటైనా అనలేదేం?" అన్నాడు.

"ఏమంటుంది?" అన్నారు కామేశం గారు. "నిన్నటి దాకా ఆవిడ మన ఇంట్లో ఉంది."