కప్ప నోరు మూసుకున్న ఏడు

ఒకప్పుడు కప్పలకు నోరు మూయడం తెలియదు. ఊపిరి పీల్చినా నోరు తెరిచే, అరిచినా నోరు తెరిచే. పైగా తాము పిలిస్తేనే వాన వస్తుందని వాటికి గట్టి నమ్మకం. వానల కోసం ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్ళు పోయిస్తారు కదా, ఆ మర్యాద వాటి తలకెక్కింది.

ఒక ఏడు మృగశిర కార్తె దాటినా మబ్బు జాడ లేదు. నల్లరేగడి కుంట పలకలుగా పగిలింది. అడుగున కాస్త బురద మిగిలింది.

"అరవండర్రా! ఆకాశానికి చెవుడు వచ్చినట్టుంది" అని పెద్ద గండుకప్ప ఆజ్ఞాపించింది. కప్పలన్నీ నోళ్ళు బార్లా తెరిచాయి.

సూర్యుడు నవ్వాడు. "తెరవండి, ఇంకా తెరవండి! మూత తీసిన కడవలో నీళ్ళు తాగడం నాకెంత సులువు!"

చిత్తడి అనే చిన్న కప్ప ఆ మాట విన్నది. దాని నాలుక అప్పటికే అట్టలా ఎండింది. అది నోరు మూసుకుని, వెనక కాళ్ళతో తవ్వుకుంటూ బురదలోకి దిగింది.

"ఓసి పిరికిదానా! వాన వస్తే నీకు చుక్క కూడా దక్కదు, పో!" అని గండుకప్ప ఎద్దేవా చేసింది.

చిత్తడికి రోషం పొంగింది. కానీ బదులు చెప్పాలంటే నోరు తెరవాలి. తెరవలేదు.

లోపలంతా చీకటి. గుండె దడదడలాడింది. ఊపిరి పరుగులు తీసింది. తీసిన కొద్దీ ఒంట్లో తడి తరిగిపోసాగింది.

"నెమ్మదమ్మా" అంది మట్టి. "ఎండ కంటే నీ భయమే ఎక్కువ తాగుతోంది. నీకు నచ్చిన వాననొకదాన్ని తలుచుకో. ఒక్కో చినుకుకు ఒక్క ఊపిరి చాలు."

చిత్తడి కళ్ళు మూసుకుంది. తలపులో తుంగ ఆకు మీద ఒక చినుకు పడింది. గొంతు మెల్లగా పొంగింది. చినుకు ఆకు కొన నుంచి జారింది. గొంతు మెల్లగా దిగింది. మనసు మధ్యమధ్య గెంతేది. కప్ప మనసు కదా! గెంతిన ప్రతిసారీ దాన్ని తెచ్చి మళ్ళీ ఆ ఆకు మీదే కూర్చోబెట్టింది. గుండె కుదుటపడింది. ఒంటి తడి ఒంట్లోనే నిలిచింది.

మూడో రోజు పైన మూడు కప్పలు మూర్ఛపోయాయి. గండుకప్ప తోలు ముడతలు పడింది. అది బురదలోకి తల దూర్చి, "ఒసే చిత్తడీ, బతికే ఉన్నావా? ఎలాగే?" అని అడిగింది.

చిత్తడి పెదవి కదపకుండా గొంతులోనే పలికింది. "నోరు మూయి, మామా."

"ఏమన్నావ్!"

"కోపం తరువాత. ముందు మూయి. ముక్కుతో మెల్లగా పీల్చు. ఒక చినుకును చూడు."

గండుకప్ప పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మరొకరి మాట విన్నది. మూర్ఛపోయిన వాటిని రెండూ కలిసి కాళ్ళు పట్టి లోపలికి లాగాయి. కుంటలోని కప్పలన్నీ ఒక్కొక్క చినుకునే తలుచుకుంటూ మట్టిలో కూర్చున్నాయి.

పదకొండో రోజున వాన కురిసింది. ఎవరూ పిలవకుండానే కురిసింది.

అన్నీ ప్రాణాలతో బయటికి వచ్చాయి. గండుకప్ప గట్టెక్కి, "ఇది మా చిత్తడి కనిపెట్టిన విద్య!" అని గొంతు బుడగలా ఉబ్బించి చాటింది. నోరు మాత్రం తెరవలేదు.

అప్పటినుంచే కప్ప నోరు మూసుకుని, గొంతు పొంగిస్తూ దించుతూ ఊపిరి తీసుకుంటుంది. ఎండ ముదిరితే మట్టిలోకి దిగి కదలక కూర్చుంటుంది. తొలకరి పడిన నాడు, నోరు విప్పకుండానే, నాలుగు పొలాల అవతలికి వినిపించేటట్టు తాను బతికే ఉన్నానని గర్వంగా చెప్పుకుంటుంది.