పాలబండి ఇల్లయిన వైనం

వరికోతలు ఎటు సాగితే బాతులు అటు పోతాయి. కోసిన చేలో రాలిన గింజలు తినడం, అవి అయిపోగానే పక్క ఊరి చేలకు కదలడం వాటి బతుకు. బాతు మంగాయమ్మకు ఇందులో ఒకటే చిక్కు. గుడ్లు పొదగాలంటే ఒకచోట కుదురుగా కూర్చోవాలి. కూర్చుంటే మంద ముందుకు వెళ్ళిపోతుంది. పోయిన ఏడు ఆమె గుడ్లు వదిలేసి మందతో కదిలింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఇప్పటికీ మెడ అటు తిప్పుకుంటుంది.

ఈ ఏడు ఎద్దు సోములుతో కలిసి, గేదెల డెయిరీ వదిలించుకున్న పాత పాలవ్యాను కొన్నది. క్యాన్ల అరలు పీకించి, పక్కకు కిటికీ కోయించి, గడ్డి పరిచింది. సోములు బండి నడుపుతాడు, ఆమె వెనక కూర్చుని పొదుగుతుంది. ఏర్పాటు బాగానే ఉంది గానీ, మొదటి చెక్‌పోస్టులోనే రేచుకుక్కలు బండి ఆపాయి.

"కాగితంలో సరుకు బండి అని ఉంది. సరుకు బండిలో సంసారం చెయ్యకూడదు. ఇల్లని రాయించుకుని రండి."

అడవి రవాణా ఆఫీసు తుమ్మచెట్ల అవతల ఉంది. గేటుకు 'ఏజెంట్లకు ప్రవేశం లేదు' అని బోర్డు. ఆ బోర్డు నీడలోనే నక్క జగ్గారావు బల్ల వేసుకుని కూర్చుంటాడు.

"ఇల్లని రాయాలంటే లోపల మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, బీరువా ఉండాలి మంగాయమ్మక్కా," అన్నాడు.

"నేను వండుకోను కదా. పొయ్యెందుకు?"

"వండుకోకపోవడం నీ ఇష్టం. పొయ్యి లేకపోవడం మాత్రం నీ ఇష్టం కాదు."

"ఇవన్నీ ఇప్పటికిప్పుడు ఎక్కడ తెస్తాం?" అన్నాడు సోములు.

"తేవడమెందుకు మామా? నా దగ్గర ఒక సెట్టుంది. ఇవాళ మీ బండిలో పెడతాం. ఇన్‌స్పెక్టరు గారు చూసి రాసుకుంటారు. సాయంత్రం నా సామాను నేను పట్టుకుపోతా. ఈ అడవిలో ఇల్లని రాసి ఉన్న బండ్లన్నిటికీ కలిపి ఉన్నది ఈ ఒక్క బీరువాయే."

"రాసుకున్నాక తీసేస్తే తప్పు కాదూ?" అంది మంగాయమ్మ.

"ఎందుకు కాదు? ఆయన రాసిన తర్వాత లోపల మేకు పీకినా బండి మార్చినట్టే. కాకపోతే చూసేవాడు ఉండాలి కదా."

మంగాయమ్మ బండి లోపలికి ఒకసారి చూసుకుంది. తర్వాత అద్దె సంగతి అడిగింది.

"నీ దగ్గర అద్దె తీసుకుంటానా అక్కా? ఒక్కటే ఇబ్బంది." జగ్గారావు కిటికీలోంచి లోపలికి తొంగిచూశాడు. "ఆ గుడ్లు. గుడ్లంటే సరుకు కిందే లెక్క. ఆయన కంట పడ్డాయంటే సరుకు బండే అంటాడు. పని అయ్యేదాకా మా ఇంట్లో ఉంచు. మా ఇల్లు వెచ్చగా ఉంటుంది."

సోములు నెమరెయ్యడం ఆపాడు.

"అంత దూరం మోస్తే పగులుతాయేమో తమ్ముడూ," అంది మంగాయమ్మ. "నీ బీరువాలో గడ్డి వేసి పెట్టి తలుపు మూసేస్తా. సాయంత్రం నీ బీరువా ఎటూ నువ్వు తీసుకుపోతావు కదా. గుడ్లూ దాంతోపాటే వస్తాయి."

జగ్గారావుకు ఇంత తేలిక బేరం ఎన్నడూ తగల్లేదు. ఆ సంతోషం మొహంలో కనపడకుండా తల గోక్కున్నాడు.

"కాకపోతే ఆ బీరువా ఊగకూడదు," అందామె. "ఊగితే లోపల ఒకదానికొకటి కొట్టుకుంటాయి."

"ఊగుతుందా? సోములు మామా, ఇవిగో బోల్టులు. నాలుగు మూలలా బిగించు. ఇంకా బిగించు. నీ బలమంతా ఏం చేసుకుంటావు?" మిగతా సామాను ఎప్పుడూ తాడుతో కట్టేవాడే ఆ రోజు దగ్గరుండి అన్నిటికీ బోల్టులు వేయించాడు. వేయించి, సామానంతా మంగాయమ్మదేనని దరఖాస్తు తనే రాసిచ్చి, బండిని గేటు లోపలికి పంపి, తర్వాతి బేరం ఎలుగుబంటితో మాటల్లో పడ్డాడు.

ఇన్‌స్పెక్టరు తాబేలు శేషాచలం గారు. ఇల్లు వీపున మోసుకు తిరిగే ఉద్యోగి కాబట్టి ఇళ్ళ బండ్ల పని ఆయనకు అప్పగించారు. అనుభవానికి లోటు లేదు, వేగానికే. పొద్దున తన గది గుమ్మం దిగినవారు ఎండ నడినెత్తికొచ్చాక వ్యాను దగ్గరికి చేరారు. సోములు పలక వాల్చి ఎక్కించాడు. మంచం తోసి చూశారు, కదల్లేదు. పొయ్యి చూశారు. బీరువా తలుపు తీశారు.

"ఇవేమిటి?"

"మా పిల్లలండి. ఇంకా లేవలేదు."

"సరుకైతే ఎక్కడో దింపాలి. వీళ్ళను ఎక్కడ దింపుతావు?"

"ఎక్కడా దింపనండి. అందుకే వచ్చాను."

శేషాచలం గారు మెడ కాస్త బయటికి చాపి గుడ్లను చూశారు. తానూ ఒకప్పుడు అందులోంచే వచ్చినట్టు గుర్తొచ్చింది కాబోలు. 'నివాస వాహనం. బీరువా సహా సామాను సమస్తం బండిలో భాగం' అని రాసి, ముద్ర వేసి, కాగితం ఆమె చేతిలో పెట్టి దిగారు.

పొద్దు వాలింది. ఆఫీసు తలుపులు మూశారు. జగ్గారావు పానా పట్టుకుని గేటు దాటి వచ్చి వ్యాను ఎక్కాడు. మొదటి బోల్టు మీద పానా పెట్టాడు.

"ఎవరది?" అని కింద నుంచి గొంతు వినపడింది.

వంగి చూస్తే వెనక చక్రం పక్కన శేషాచలం గారు.

"మీరింకా వెళ్ళలేదా అండి?"

"వెళ్తున్నాను. ఎప్పుడో బయల్దేరాను. ఆ బోల్టుతో నీకేం పని?"

"ఈ బీరువా నాదండి."

"పొద్దున దరఖాస్తు రాసింది నువ్వే కదా. సామానంతా మంగాయమ్మదే అన్నావు. అది అబద్ధమా, ఇది అబద్ధమా? ఏది చెప్పినా రాసుకుంటాను, నాకేం తొందర లేదు."

జగ్గారావు పానా వెనక దాచుకున్నాడు.

"తీసుకోవాలంటే దారి లేకపోలేదు," అన్నారాయన. "యజమాని ఒప్పుకుని సంతకం పెడితే బండి మార్పు కింద చూస్తాం."

ఇద్దరూ యజమాని వైపు తిరిగారు. ఆమె బీరువాలో గుడ్ల మీద సర్దుకుని కూర్చుని ఉంది.

"కూర్చో తమ్ముడూ, ఇల్లే కదా," అంది. "పొయ్యి కూడా ఉంది. నాకే వండటం రాదు."

సోములు బండి కదిలించాడు. జగ్గారావు దూకేశాడు. గేటు దగ్గర ఎలుగుబంటి లారీ దిగి ఎదురుచూస్తున్నాడు. "మా బండిలో పెడతానన్న బీరువా ఏదోయ్?" అన్నాడు. గొంతు పెంచకుండా, దారికి అడ్డంగా నిలబడి అడిగాడు. చెక్‌పోస్టులో రేచుకుక్కలు కాగితం చూసి, లోపలికి చూసి, కాళ్ళకు చెప్పులు లేకపోయినా వాటిని విడిచేవాళ్ళలా గడప దగ్గర ఆగి, పలకరించి పంపాయి.

ఎదుటివాడి సొమ్ము కోసం బోల్టు బిగించేటప్పుడు, మన సొమ్ము ఏ వైపు ఉందో ముందు చూసుకోవాలి.