నక్కగారి చలివేంద్రం

నక్కలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు, ముందే చెప్పేస్తున్నాను. అందులోనూ ఈ సింగారయ్య మరీను. కొండ కింద వాగుకు అడ్డంగా గట్టు కట్టి, నీళ్లన్నీ కొలనులో నింపుకుని, ఒడ్డున రిసార్టు పెట్టాడు. ఎక్కడెక్కడి కొంగలో వచ్చి ఆ కొలనులో హాయిగా జలకాలాడేవి. దిగువనున్న గేదెలకు మాత్రం వాగులో ఇసుకే మిగిలింది. ఇంకో వారం ఇలాగే ఉంటే మంద మొత్తం పుట్టిన చోటు వదిలి పోవాల్సిందే.

గేదెల పెద్ద మంగతాయి వెళ్లి బతిమాలింది. "తమ్ముడూ, గట్టుకు ఓ గండి పెట్టించు. దూడలు నాలుకలు బయటపెట్టి పడుకుంటున్నాయి."

"కొలను తగ్గిపోతే అతిథులకు ఏం చూపించమంటావక్కా?" అని సింగారయ్య లోపలికి పోయాడు.

మర్నాడు కొంగల పెద్దాయన అడిగాడు. "ఈమధ్య మావాళ్లు చుట్టుపక్కల వాళ్లకు మేలు చేసే చోటే దిగుతున్నారు. మీరేం చేస్తున్నారండీ?"

సింగారయ్య ఆ రాత్రే తన దగ్గర పనిచేసే కోతుల్ని పురమాయించాడు. తెల్లారేసరికి తాటాకు పందిరి లేచింది. రెండు కొత్త కుండలు, మామిడి తోరణాలు, తన నిలువెత్తు బొమ్మతో బ్యానరు. మంగతాయికి కబురు పంపి, "ఒక్క గ్లాసు తాగు చాలు, ఫొటో తీయించుకుందాం," అన్నాడు.

కొంగల ముందు ఉపన్యాసం దంచాడు. "దాహమని వచ్చినవాళ్లను మా చలివేంద్రం నుంచి వెనక్కి పంపం. ఆఖరి ప్రాణి దాహం తీరేదాకా ఈ కుండలు నిండుతూనే ఉంటాయి."

మంగతాయి కుండలో మూతి పెట్టి గటగటా తాగింది. కుండ ఖాళీ. రెండోదీ ఖాళీ.

"చల్లగా ఉన్నాయి తమ్ముడూ. ఇంకాసిని పొయ్యి."

"చాలేమో అక్కా," అని చెవిలో గొణిగాడు.

"గేదె కడుపు కదయ్యా," అని ఆవిడ వెనక్కి తిరిగి ఓ అరుపు అరిచింది. నలభై గేదెలు వరసకట్టి వచ్చాయి. "వీళ్లకీ దాహమే. పొమ్మంటావా?"

కొంగలన్నీ చూస్తున్నాయి. "అబ్బెబ్బే," అన్నాడు సింగారయ్య.

మధ్యాహ్నం దాకా కోతులు కావిళ్లు మోశాయి. ఆ తర్వాత కావిళ్లు పడేసి చెట్టెక్కేశాయి. ఇక కుండ సింగారయ్య నెత్తికే వచ్చింది. పాపం వరస తరగదు. ముందు తాగినవాళ్లు వెనకెళ్లి మళ్లీ నిలబడుతున్నారు మరి.

కొంగల పెద్దాయనకు జాలేసింది. "ఎక్కణ్ణుంచి మోస్తున్నారండీ?"

"కొలనులోంచి."

"కొలనులోకి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"వాగులోంచి."

"ఆ వాగు మా గుమ్మం ముందునుంచే పోయేది బాబూ," అంది మంగతాయి.

పెద్దాయన గట్టు వైపు చూశాడు. "అది తీసేస్తే సరి. మీకీ మోత తప్పుతుంది."

సింగారయ్య నడుం పట్టుకుని, తన గట్టు తానే తవ్వాడు. సాయంత్రానికి దూడలు నీళ్లలో పడి దొర్లాయి. కొంగలు గదులు ఖాళీ చేసి, దిగువకెళ్లి గేదెల వీపులెక్కి కూర్చున్నాయి.

లాక్కున్నది తిరిగిచ్చేస్తే దాన్ని సేవ అనరు.