బూరె నవ్వలేదు

ఏం చూశారో ముందు మీరు చెప్పండి. గాజు తొట్టిలో ఒక చేప. వేలెడంత చేప ఉన్నట్టుండి నిమ్మకాయలా గుండ్రంగా ఉబ్బింది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. వేడుక చూశామంటారా? అయితే మీరూ మహీధర రాజుగారి కొలువులో వాళ్లలాగే చూశారు. అసిరమ్మ మాత్రం వేరేది చూసింది. అదేమిటో వినండి.

అనగనగా ఒక చిన్న రాజ్యం. అక్కడ ఏరు వచ్చి సముద్రంలో కలిసేది. ఆ ఏటి మొగ పక్కనే ఉప్పుమడులు. పదకొండు కుటుంబాలు ఎండలో నిలబడి అక్కడ ఉప్పు పండించేవి. వాళ్లందరికీ పెద్ద దిక్కు అసిరమ్మ. నలభై ఏళ్లు ఉప్పునీళ్లలో నిలబడి ఆమె పాదాలు బీటలు వారాయి. కళ్లు మూసుకుని నీటిచుక్క నాలుక మీద వేసుకున్నా, అది ఏ మడిలోదో ఇట్టే చెప్పేది.

సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువ తలుపు ఎత్తి నీళ్లు లోపలికి వదిలేవాళ్లు. ఒకనాడు ఆ నీళ్లతో పాటు ఒక వింత చేప కొట్టుకొచ్చింది. ఆకుపచ్చ వీపు, వీపు మీద నల్లని చుక్కలు, పాలలాంటి పొట్ట. ఒక కన్ను ఇటు తిప్పేది, ఇంకో కన్ను అటు తిప్పేది. మడులు చూడటానికి వచ్చిన రాజకుమారి కువలయకు ఎనిమిదేళ్లు. ఆ పిల్ల చేపను చూసి, పట్టు పరికిణీ బురదవుతున్నా అక్కడే చతికిలబడింది.

"అవ్వా, ఇది నన్నే చూస్తోంది!"

"నువ్వు దాన్ని సూత్తున్నావు కదా తల్లీ. మరదీ సూడదేటి?"

అసిరమ్మ ముచ్చటపడి చేపను కుండలోకి తీసింది. అది బెదిరి బుస్సుమని ఉబ్బింది. "అచ్చం బూరెలా ఉంది!" అని కువలయ దానికి బూరె అని పేరు పెట్టి, కుండ ఒళ్లో పెట్టుకుని కోటకు తీసుకుపోయింది. ఎలా పెంచాలో ఆ పిల్ల అడగలేదు. అసిరమ్మా చెప్పలేదు.

కోటలో బూరెకు గాజు తొట్టి చేయించారు. అడుగున ముత్యాలు పరిచారు. ఒకనాడు రాజుగారు వెండి పుల్లతో దాన్ని మెల్లగా పొడిచారు. అది ఉబ్బింది.

"చూశారా! మమ్మల్ని చూసి నవ్వుతోంది!"

కొలువంతా చప్పట్లు. ఇక అది మొదలు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడు పూటలా పుల్ల, మూడు పూటలా చప్పట్లు.

నాలుగు నెలలు గడిచేసరికి బూరె అడుగున చేరింది. పాలలాంటి పొట్ట బూడిద రంగుకు తిరిగింది. రాజుగారు కంగారుపడ్డారు.

వైద్యుడు వచ్చి, "ఒంట్లో వేడి ఎక్కువైంది, చల్లని బావినీళ్లు పోయండి" అన్నాడు. పోశారు. చేప ఇంకా నీరసించింది.

జ్యోతిష్కుడు వచ్చి, "ఇది సముద్రుడి బిడ్డ, నడిసముద్రపు నీళ్లు పోయండి" అన్నాడు. ఒక్క పూటలో ఆ నీళ్లు తీసేసి ఈ నీళ్లు పోశారు. చేప ఓ పక్కకు ఒరిగింది.

వంటాయన వచ్చి, "బలం లేదు పాపం" అని వలిచిన రొయ్యను వెన్నలా నూరి వేశాడు. మొదటి నుంచీ ఆయన పెడుతున్నది అదే. చేప దాని వంక తిరిగి చూడలేదు.

ముగ్గురి వైద్యమూ పారలేదు. తప్పు ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదా! "ఉప్పుమడుల వాళ్లు శాపం తగిలిన చేపనిచ్చారు ప్రభూ" అన్నాడు మంత్రి. రాజుగారు కోపంతో ఊగిపోయారు. మూడు రోజుల్లో చేప కోలుకోవాలి, లేదంటే పదకొండు కుటుంబాలూ మడులు వదిలి వెళ్లిపోవాలి అని చాటింపు వేయించారు.

దండోరా విన్న అసిరమ్మ చేతిలో పార అక్కడే పడేసి కోటకు నడిచింది. తిన్నగా తొట్టి దగ్గరికి పోయి, వేలు ముంచి నాలుక మీద రాసుకుంది.

"దాహమైతే అడగొచ్చు కదమ్మా, మజ్జిగ ఇప్పిస్తాం. చేప స్నానం చేసిన నీళ్లెందుకు?" అన్నాడు వైద్యుడు. అందరూ నవ్వారు.

"మీరు పోసిన నీళ్లు మీరోసారి నోట్లో ఏసుకున్నారా బాబూ? మీకు ఒక్క చుక్కకే రోత. దానికి రేయీ పగలూ అదే ఇల్లు." ఆమె కొలువు వైపు తిరిగింది. "నాను మూడు మాటలు అడుగుతాను. ఇది ఏ నీళ్లలో పుట్టింది? ఏం కొరుక్కుని బతికింది? ఎప్పుడు ఉబ్బుద్ది?"

వైద్యుడు జ్యోతిష్కుడి వంక చూశాడు, జ్యోతిష్కుడు వంటాయన వంక చూశాడు.

"నాకూ ఒకటి తెలీదు. దీని తిండేటో నానెప్పుడూ సూడలేదు. సూడకుండా ఇచ్చాను, ఆ తప్పు నాదే. పోయి సూసొత్తాను."

సముద్రం వెనక్కు తీసినప్పుడు ఆమె ఏటి మొగలో, ఉప్పునీళ్లలో పెరిగే మడచెట్ల వేళ్ల మధ్య నడుంలోతు నీళ్లలో నిలబడింది. కదలలేదు, మెదలలేదు. చిన్నపిల్లలా వంగి చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి బూరె జాతి చేపలు రెండు వచ్చాయి. ఒకటి నత్తను కరిచింది. టక్! గుల్ల పగిలింది.

"ఓసి నీ పళ్లో! అందుకా అవి!" అంది అసిరమ్మ.

మర్నాడు తడిగుడ్డలో చిట్టి నత్తలు మూటగట్టుకుని వచ్చింది. తొట్టి పక్కన కువలయ వెక్కివెక్కి ఏడుస్తోంది. అసిరమ్మ బూరె నోటి వంక తేరిపార చూసింది. నాలుగు నెలలు మెత్తని తిండి తిని పళ్లు అరగలేదు. గట్టివి కొరికితేనే అరిగే ఆ పళ్లు పెరిగి పెరిగి నోటికి అడ్డం పడబోతున్నాయి.

"తల్లీ, కన్నీళ్లు తుడుసుకోకు. పెదవి మీద పడ్డ సుక్క సప్పరించు. ఉప్పు ఎంతుంది?"

"కొంచెమే."

"ఆ కొంచెమే దీనికి కావాలి. ఏరూ కాదు, సముద్రమూ కాదు. ఆ రెండిటి నడుమ ఉండే నీళ్లు."

ఇద్దరూ కలిసి నీళ్లు మార్చారు. ఒక్కసారిగా కాదు. పోటు ఎక్కినట్టు మెల్లగా, చెంబు తరవాత చెంబు. ప్రతి చెంబుకూ కువలయ రుచి చూసి "ఇంకొంచెం", "చాలు" అనేది. ముత్యాలు తీసి ఇసుక పరిచారు. దాక్కోవడానికి మడచెట్టు వేరు ఒకటి పెట్టారు. బూరె నిటారుగా నిలబడింది. నత్తను వేస్తే ముక్కుతో తోసి చూసింది గాని కొరకలేదు.

మూడో రోజు రాజుగారు కొలువుతో సహా వచ్చారు. చేతిలో వెండి పుల్ల.

"అసిరమ్మా, ఇదుగో. ఒక్కసారి ఉబ్బించు. నవ్విందంటే కోలుకున్నట్టే. నీవాళ్ల మడులు నీవాళ్లవే."

ఒక్క పొడుపు. పదకొండు పొయ్యిలు నిలుస్తాయి. అసిరమ్మ పుల్ల అందుకుంది. తొట్టిలో నుంచి బూరె ఒక కంటితో ఆమెను, ఇంకో కంటితో పుల్లను చూస్తోంది.

ఆమె పుల్లను నేల మీద పెట్టేసింది.

"అది నవ్వు కాదు బాబూ, భయం. సంపేత్తారేమోనని ఊపిరి బిగబట్టడం. మీ దండోరా మా వీధిలో మోగిన్నాడు మా కడుపులూ అలాగే బిగుసుకున్నాయి. అప్పుడూ మీకు మేం నవ్వుతున్నట్టే కనబడ్డామా?"

మంత్రి ముందుకు రాబోయాడు. కువలయ అడ్డం నిలిచి, "నాన్నగారూ, ఒక్క క్షణం. చూడొద్దు, వినండి" అంది. వేలి కొసన చిట్టి నత్తను నీళ్లలోకి వదిలింది.

కొలువంతా ముందుకు వంగింది. బూరె వేరు చాటు నుంచి వచ్చింది. నత్త చుట్టూ ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. మూడోసారి తిరిగి...

టక్!

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజుగారు తొట్టి వంక, ఆ తరవాత అసిరమ్మ పాదాల వంక చూశారు. వంగి వెండి పుల్లను తీసి రెండుగా విరిచారు. "మడులు మీవే అమ్మా. రేపు నేనే వస్తాను. మీ వీధిలో నీళ్లు ఎలా ఉన్నాయో రుచి చూడాలి" అన్నారు.

ముత్యాలు పరిచినంత మాత్రాన అది ప్రేమ కాదు. ఎదుటి ప్రాణానికి ఏం కావాలో కూర్చుని చూసి తెలుసుకోవడమే ప్రేమ. సరే, ఇప్పుడు మళ్లీ చెప్పండి: మీ ఇంట్లో మీరు ఎవరిని చూసి చప్పట్లు కొడుతున్నారో, వాళ్లు నవ్వుతున్నారా, ఊపిరి బిగబట్టారా?