తాబేలుకీ అర్జీకీ పందెం

మేఘకోట రాజు మాధవభూపతికి ఏమీ తోచలేదంటే సభలో ఎవడికో ఒకడికి మూడిందన్నమాటే. ఆ ఎండాకాలం ఆయనకి అసలు తోచలేదు.

“నా రాజ్యంలో అన్నిటికన్నా నెమ్మదైనది ఏదో తెచ్చి చూపించండి. గెలిచినవాళ్ళకి ఈ ముత్యాలహారం,” అన్నాడు.

ఇంకేముంది, జనం ఎగబడ్డారు. ఒకడు నత్తని తెచ్చాడు. ఇంకొకడు ముసలి ఎద్దుని తోలుకొచ్చాడు. ఒక పెద్దమనిషి ఏకంగా తన బావమరిదినే వెంటబెట్టుకొచ్చాడు.

అందరినీ తోసుకుంటూ త్రివిక్రమయ్య వచ్చాడు. కొలువులో పనిచేస్తూ కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్ళకి భృతి ఇప్పించే అధికారి ఈయనే. ఇప్పించడం అనేది పేరుకే లెండి. ఎవరు అర్జీ పెట్టినా, “తొందరేముంది? మాగాలి,” అంటాడు. మామిడికాయల్లాగా గడ్డిలో కప్పెట్టడం ఒక్కటే తక్కువ. ఆయన వెనక నౌకర్లు పట్టుదిండు మీద ఒక తాబేలుని మోసుకొచ్చారు. దాని మెడలో పూలదండ కూడానూ.

“దీన్ని మించిన నెమ్మది ముల్లోకాల్లో లేదు ప్రభూ,” అన్నాడు త్రివిక్రమయ్య మీసం దువ్వుకుంటూ.

అప్పుడు లేచాడు జోగన్న. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం, మిగతావాళ్ళని ఏడిపించడం అతని సరదా.

“నాది ఇంకా నెమ్మది ప్రభూ. త్రివిక్రమయ్యగారి కచేరీలో అర్జీ.”

సభ గొల్లుమంది. త్రివిక్రమయ్య మొహం కందగడ్డ అయింది.

జోగన్న ఆ అర్జీని ఊరికే తేలేదు. అంతకు కొద్దిరోజుల ముందు గంగులు అనే మావటి కర్ర పోటేసుకుంటూ అతని దగ్గరికి వచ్చాడు. రెండేళ్ళ కిందట దసరా ఊరేగింపులో పట్టపుటేనుగు బెదిరి అతని కాలు తొక్కేసింది. అర్జీ పెడితే, వైద్యుడి చీటీ లేదని తిప్పి పంపారు. చీటీ తెస్తే, కాలు పోయిందని ఉంది సరే, ఏ పని చెయ్యలేడో లేదన్నారు. అదీ రాయిస్తే, చీటీ పాతబడింది, కొత్తది తెమ్మన్నారు. ఎక్కడ పాతబడింది? వాళ్ళ దగ్గరే.

“గజశాలకి కొత్త మావటి వస్తున్నాడు బాబయ్యా,” అన్నాడు గంగులు. “పున్నమికి గుడిసె ఖాళీ చెయ్యమన్నారు. భృతి వస్తే ఎక్కడో ఇంత చోటు చూసుకుంటాం. రాకపోతే పిల్లల్ని తీసుకుని సత్రం అరుగు మీదికే.”

“నువ్వు ముక్కముక్కలుగా ఇస్తున్నావు గంగులూ, వాళ్ళు ముక్కకో వంక పెడుతున్నారు. అన్నీ ఒక్కసారే వాళ్ళ మొహాన పడేద్దాం,” అన్నాడు. దెబ్బ ఎలా తగిలింది, మునుపు ఏం పని చేసేవాడు, ఇప్పుడు ఏనుగు ఎందుకు ఎక్కలేడు, ఎంతసేపు నిలబడగలడు, అంతా వివరంగా రాయించాడు. వైద్యుడి కొత్త చీటీ దానికి కుట్టించాడు.

ఆ అర్జీయే ఇప్పుడు సభలో ఉంది. గంగులు కూడా ఒక మూల స్తంభం పక్కన కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

పందెం ఖాయమైంది. తాబేలు గుమ్మం నుంచి సింహాసనం దాకా నడవాలి. అర్జీ కచేరీలో మామూలుగా నడిచినట్టే, కాగితాలు రాసే రాయసగాడినీ, తనిఖీదారునీ దాటి, త్రివిక్రమయ్య ముద్ర వేయించుకుని సింహాసనం చేరాలి. ఆ ఇద్దరు ఉద్యోగుల్నీ సభలోకే పిలిపించి కూర్చోబెట్టారు. ఏది వెనకబడితే అది గెలిచినట్టు.

“పాపం, నోరులేని జీవం,” అంటూ జోగన్న సింహాసనం పక్కన ఒక నీళ్ళతొట్టి, నాలుగు తోటకూర కట్టలు పెట్టించాడు.

అసలే మండుటెండ. నీళ్ళ వాసన తగలగానే తాబేలు మెడ సాచి చకచకా బయలుదేరింది. త్రివిక్రమయ్య రాయసగాడి దగ్గరికి పరుగెత్తాడు. అది ముందు చేరిందా, హారం పోయినట్టే.

అక్కడ రాయసగాడు అలవాటు కొద్దీ అర్జీని పక్కన పెట్టి ఆవులించాడు.

“తియ్యరా దాన్ని,” అని అరిచాడు త్రివిక్రమయ్య.

“ఏ పని చెయ్యలేడో రాశారో లేదో...”

“రెండో కాగితంలో ఉంది, కళ్ళు పెట్టి చూడు.”

తాబేలు సగం దూరం వచ్చేసింది. తనిఖీదారు మెల్లిగా తలెత్తాడు. “కాలు పోయిందనడానికి ప్రత్యక్ష సాక్షి ఎవరండీ? గ్రామాలకి కబురు పెట్టి...”

“నేనే సాక్షి. ఆ రోజు అదే ఏనుగు మీద అంబారీలో కూర్చున్నాను. నా కళ్ళతో చూశాను. వెయ్యి సంతకం.”

సభలో నవ్వు ఆగిపోయింది. త్రివిక్రమయ్యకి అది కూడా పట్టలేదు. టపీమని ముద్ర కొట్టి, పంచె ఎగ్గట్టి, తాబేలు మీదుగా దూకి, అర్జీని రాజుగారి చేతిలో పెట్టాడు.

“గెలిచాను ప్రభూ. తాబేలే నెమ్మది.”

“నిజమే, నేను ఓడిపోయాను,” అని జోగన్న చేతులు కట్టుకున్నాడు. మొహంలో మాత్రం ఓడిన కళ లేదు.

“ఓడినవాడివి ఎందుకయ్యా నవ్వుతున్నావు?” అని అడిగాడు రాజు.

“అర్జీకి కాళ్ళు లేవు ప్రభూ. అందుకే కాళ్ళున్నవారిని పరుగెత్తించాను.”

రాజు తన చేతిలో ఉన్న అర్జీ వైపు చూశాడు. అన్ని సంతకాలూ ఉన్నాయి, ముద్ర తడి ఆరలేదు. ఆయన ముందు నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు.

“తాబేలు ఈ సభ దాటేలోగా అయ్యే పనికి రెండేళ్ళు ఎందుకు పట్టింది త్రివిక్రమయ్యా? అందులోనూ మీరే చూసిన దెబ్బకి?”



స్తంభం పక్క నుంచి గంగులు గొంతు వినిపించింది. “ప్రభూ, అయితే నా భృతి...”

“దెబ్బ తగిలిన రోజు నుంచీ నీదే. ఆ గుడిసె కూడా నీదే, కొత్త మావటికి వేరే కట్టిస్తాం,” అన్నాడు రాజు. గంగులు కర్ర వదిలేసి స్తంభాన్ని పట్టుకుని ఏడ్చేశాడు.

రాజు హారం తీసి త్రివిక్రమయ్యకి ఇచ్చాడు. “మాటంటే మాటే, హారం మీది. రేపటి నుంచి మీ కచేరీ మాత్రం జోగన్నది.”

“మరి నేను ప్రభూ?”

“ఆ తాబేలుని చూసుకోండి. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది.”

ఈసారి సభలో అందరికన్నా ముందు నవ్వింది గంగులే.