సీలు విప్పని పెళ్ళి పాట

పరాంకుశం మాస్టారి దగ్గర సినిమా చూడాలంటే పేర్లు పడకముందే వచ్చి కూర్చోవాలి. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, మెట్ల మీద కూర్చుని లోపలి పాటలు వినాల్సిందే. "పేర్లు చూడనివాడు, వండిందెవరో అడక్కుండా చెయ్యి కడుక్కునే రకం" అనేవారు. కాకినాడ కాలేజీలో ఏళ్ళ తరబడి తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, తన మేడ గదిలో ఆదివారం సాయంత్రాలు పాత సినిమాలు వేయడం మొదలుపెట్టారు. చూసి, నలుగురం కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. ఆయన్ని గురువని ఎవరూ నియమించలేదు. ఏం అడిగినా తిన్నగా జవాబు చెప్పరు కాబట్టి మేమే గురువుని చేసుకున్నాం.

మా అందరిలోకీ శిష్యుడు అనే మాటకి సరిగ్గా తగినవాడు గవర్రాజు. మందుల ఏజెన్సీ నడుపుతాడు, నలభై దాటిన మనిషి. ఆ గదికి ప్రొజెక్టరు కొనిచ్చిందీ, తెర బిగించిందీ, బ్లూరే ప్లేయరు తెచ్చి పెట్టిందీ అతనే. ఫోన్లో సినిమా చూసేవాళ్ళంటే అతనికి జాలి. "నెట్‌లో ఇవాళ ఉంటుంది, రేపు ఎవడో తీసేస్తాడు పిన్నిగారూ. డిస్కైతే మన చేతిలో ఉన్నంతకాలం మనదే" అనేవాడు నాతో. మాట నిజమే. మామూలు టీవీలో మసగ్గా చూసిన సినిమానే అతను తెచ్చిన డిస్కులో చూస్తే చీర అంచు మీద జరీ పోగులు కూడా కనిపించేవి.

అయితే అతనికో పద్ధతి ఉండేది. ఏ సినిమా కొన్నా రెండు కాపీలు కొనేవాడు. ఒకటి చూడ్డానికి, ఇంకోటి దాచడానికి. దాచేదాని మీద ప్లాస్టిక్ సీలు విప్పకూడదు. విప్పితే దాని విలువే పోయినట్టట. సీలు వేసినవన్నీ ఇంట్లో ఒక గదిలో అద్దాల బీరువాలో ఉంటాయి. కాకినాడ ఉప్పుగాలి తగలకుండా, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు పోగుచేసి అరఅరకీ పేరుస్తాడు. "మా ఇంట్లో ఏసీ ఉన్నది డిస్కులకి. మేం ఫ్యాను కింద పడుకుంటాం. మా మీద గీతలు పడినా ఫరవాలేదట" అని వాళ్ళావిడ హైమవతి నవ్వుతూనే చురక వేసేది. గవర్రాజు కూడా నవ్వేవాడు, ఏసీ మాత్రం ఆపేవాడు కాదు.

ఆ నవ్వు కాస్తా ఒక వేసవిలో పోయింది. కొన్ని చోట్ల తయారైన డిస్కుల్లో లోపలి పొర దానంతటదే చెడిపోతుందని ఎక్కడో చదివాడు. ముందు అంచున ఇత్తడి రంగు తిరుగుతుందట, తర్వాత మెల్లగా లోపలికి పాకుతుందట. ఇంకేం, మనిషికి కంటి మీద కునుకు లేదు. టార్చి పట్టుకుని సీలు మీద నుంచే పరీక్షలు మొదలుపెట్టాడు. పెట్టె మీద హీరో మొహం తప్ప ఏం కనిపిస్తుంది? లోపల బాగుందో లేదో తెలియాలంటే విప్పాలి, విప్పితే ఇన్నాళ్ళ కాపలా వృథా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక ఆదివారం సినిమా అయ్యాక అందరి ముందే బయటపడ్డాడు.

"మాస్టారూ, ప్రాణంగా కూడబెట్టుకున్నది పోకుండా ఉండాలంటే మనిషి ఏం చెయ్యాలి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ పెళ్ళి పాట ఉన్న సినిమా నీ దగ్గరుందన్నావు కదూ?" అన్నారు.

"ఉంది మాస్టారూ. దానికి ఒక్క కాపీయే దొరికింది. సీలుతో ఉంది."

"వచ్చే ఆదివారం అది వేద్దాం. అనసూయమ్మగారు చూడాలంటున్నారు."

గవర్రాజు మొహం వాడిపోయింది. అతను అడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి!

అనసూయమ్మగారు మా పక్కవాటాలో చెల్లెలితో ఉంటారు. పడుచుతనంలో మద్రాసులో గ్రూపు డాన్సరుగా చేశారు. వెనక వరసల్లో పళ్ళేలూ చామరాలూ పట్టుకుని నవ్వే అమ్మాయిలుంటారే, వాళ్ళలో ఒకరు. పేర్లలో వాళ్ళ పేర్లుండవు. పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేశాక డాన్సు మానేశారు. మిగతా సినిమాలు ఎక్కడా దొరకవు, ఫొటోలు వరదలో పోయాయి. మిగిలింది ఆ ఒక్క సినిమా, అందులో ఆఖర్న వచ్చే పెళ్ళి పాట. టీవీలో ఎప్పుడు వచ్చినా నన్ను పిలిచి, "అదిగో, వెనక వరసలో ఎడమ చివర, అది నేనే" అనేవారు. ఆ పాడు ప్రింటులో ఎడమ చివర ఒక తెల్లటి మరక తప్ప నాకేమీ కనిపించేది కాదు. అయినా "ఆ, మీరే" అనేదాన్ని. ఇప్పుడు ఆవిడకి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది కూడా రోజురోజుకీ తగ్గిపోతోంది, ఆపే మందు లేదని డాక్టరు చెప్పేశారు. మద్రాసులో ఒక చిన్న కంపెనీ ఆ సినిమా నెగెటివు శుభ్రం చేయించి బ్లూరే తెచ్చిందనీ, అందులో వెనకవాళ్ళ మొహాలు కూడా స్పష్టంగా ఉంటాయనీ ఆవిడకి తెలిసింది. "చూపు పోయేలోగా నా మొహం నేనొక్కసారి చూసుకుంటానమ్మా. అప్పుడెలా ఉండేదాన్నో మర్చిపోయాను" అన్నారు నాతో. ఆ సినిమా పేరు మీకెందుకు లెండి, చెబితే మీరూ వెతుకుతారు, దొరకదు.

తర్వాతి ఆదివారం గవర్రాజు వేరే సినిమా తెచ్చాడు. "మద్రాసులో ఇంకో కాపీ ఉందట అమ్మా, తెప్పిస్తున్నాను. అది రాగానే వేసేద్దాం" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఊరూరా ఫోన్లు చేస్తున్నాడు. "తొందరేముంది బాబూ" అన్నారావిడ. మర్యాదకి అలా అంటారు గానీ, తొందర కాక మరేమిటి? ఆ వేళ ఆవిడ ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని చూశారు. ఇంకో ఆదివారం వచ్చింది, కాపీ రాలేదు. ఆవిడ కుర్చీ ముందు వరసకి జరిగింది. ఆ పై వారం కుర్చీ వదిలి తెరకి దగ్గరగా చాప మీద కూర్చున్నారు. గవర్రాజు ఆ చాప వంక చూడ్డం, ఫోను తీసి చూసుకోవడం, మళ్ళీ చాప వంక చూడ్డం. ఒళ్ళు మండిపోయేది నాకు. "మాస్టారూ, మీరైనా గట్టిగా చెప్పరేం? విప్పమంటే విప్పడూ?" అని అడిగేశాను. "నేను చెబితే అది నేను విప్పినట్టవుతుందమ్మా" అన్నారు. ఆ రోజు ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు.

ఇలా నడుస్తుండగా ఒక ఆదివారం ఏదో సినిమా మొదలైంది. తెర మీద పేర్లు పడుతున్నాయి, గదిలో అందరం నిశ్శబ్దంగా చదువుకుంటున్నాం. చాప మీద నుంచి అనసూయమ్మగారు నా వైపు తిరిగి, "ఏమ్మా, పేర్లు పడటం మొదలైందా?" అని అడిగారు.

అంత దగ్గర్లో, అంతంత అక్షరాలు! గవర్రాజు చటుక్కున లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మాస్టారు ప్రొజెక్టరు ఆపేశారు. కాసేపటికి మెట్ల మీద చప్పుడైంది. గవర్రాజు ఆ డిస్కు పెట్టెను పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకొచ్చాడు. గోరుతో సీలు విప్పబోతే ఎంతకీ రావడం లేదు. మాస్టారు లేచి వెళ్ళి, గడ్డం గీసుకునే సామాన్లలోంచి సగం బ్లేడు తెచ్చి అతని అరచేతిలో పెట్టారు.

సీలు తెగింది. డిస్కు బయటికి తీసి, లైటు కింద వెనక్కి తిప్పి చూశాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించింది. వెండిలా మెరవాల్సిన అంచు చుట్టూ సన్నగా ఇత్తడి చాయ.

"మధ్యలో బాగానే ఉంది పిన్నిగారూ" అన్నాడు. "ప్లేయరు లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వస్తుంది. సినిమా ఆఖరు అంచున ఉంటుంది."

పెళ్ళి పాట సినిమా ఆఖర్నే ఉందని మా ఇద్దరికీ తెలుసు. "నేరుగా పాటకే వెళ్దామా అమ్మా?" అని అడిగాడు ఆవిడని. "వద్దు బాబూ, పేర్ల దగ్గర్నుంచే చూద్దాం. ఇన్నాళ్ళు ఆగాం కదా" అన్నారావిడ సంబరంగా.

అబ్బ, ఏం బొమ్మ అది! నిన్న తీసినట్టుంది. గదిలో అందరూ ఆహా ఓహో అంటున్నారు. నేనూ గవర్రాజూ మాత్రం సినిమా చూడలేదు. తెర మీద ఎక్కడైనా చిన్న గీత మెదిలితే చాలు, ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. హీరోయిన్ ఏడుస్తుంటే నేను దేవుళ్ళకి మొక్కుకుంటున్నాను. అలాగే కథ తీరం చేరింది, పందిరి వేశారు, సన్నాయి మొదలైంది. అనసూయమ్మగారు చాప మీద నుంచి లేచారు. నేను చెయ్యి పట్టుకుని తెర ఎడమ అంచుకి తీసుకెళ్ళి నిలబెట్టాను. ఆవిడ ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా నిలబడ్డారు.

హీరో హీరోయిన్లు పక్కకి తప్పుకున్నారు. వెనక వరస ముందుకి వస్తోంది. ఎడమ చివర ఒక అమ్మాయి పూలపళ్ళెం పట్టుకుని అడుగు వేసింది. అంతే, బొమ్మ చిన్న చిన్న చదరాలుగా పగిలి ఆగిపోయింది. సన్నాయి సగంలో తెగింది.

పళ్ళెం కనిపిస్తోంది. దాన్ని పట్టుకున్న చెయ్యి, చేతి నిండా గాజులు కనిపిస్తున్నాయి. భుజం పైనంతా గడులు గడులుగా రంగులు. అనసూయమ్మగారు ఆ చేతి మీద వేలు పెట్టారు.

"ఈ చెయ్యి నాదే. ఈ గాజులు మా అమ్మవి. షూటింగుకి ఇమ్మంటే తిట్టి మరీ ఇచ్చింది" అని నవ్వారు. ఆ వేలు మెల్లగా పైకి పాకింది. "మొహం ఏదమ్మా? నాకే కనపడట్లేదా? మీకు కనపడుతోందా?"

ఇన్నేళ్ళూ టీవీ ముందు "ఆ, మీరే" అన్న నోటితో ఇప్పుడు మళ్ళీ ఆ మాట అనలేను. "లేదమ్మా, మాకూ కనపడట్లేదు. డిస్కు పాడైంది" అన్నాను.

"హమ్మయ్య, నా కన్ను కాదన్నమాట" అన్నారావిడ. ఆ తర్వాత మొహం ఉండాల్సిన చోట తెరని అరచేత్తో తడిమి, వచ్చి చాప మీద కూర్చున్నారు.

గవర్రాజు డిస్కు తీసి మెత్తటి గుడ్డతో తుడిచాడు, మళ్ళీ పెట్టాడు. అదే చెయ్యి, అవే గాజులు, అక్కడే ఆగింది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ అక్కడే. చివరికి మద్రాసులో తనలాగే డిస్కులు కొనే స్నేహితుడికి ఫోను చేశాడు. అవతలివాడి గొంతు పెద్దది, గదంతా వినిపించింది.

"అయ్యో, ఆ సరుకంతా అంతేనండీ, తయారీలోనే లోపం. చూసినవాళ్ళందరం రాస్తే కంపెనీవాళ్ళు తప్పు ఒప్పుకుని కొత్తవి పంపించారు. నా దగ్గరున్నది అదే, మొన్న చెప్పాను కదా, అడుగుతుంటే ఎప్పుడో ఇచ్చేశాను ఎవరికో. మీరు అప్పుడే రాయాల్సింది. ఇప్పుడు ఆ కంపెనీయే లేదు... అదేంటండీ, ఇన్నేళ్ళలో మీరొక్కసారి కూడా చూడలేదా?"

గవర్రాజు ఫోను పెట్టేశాడు. అనసూయమ్మగారి ముందు చాప మీద కూలబడ్డాడు. "క్షమించండమ్మా" అనబోయి అనలేక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, "ఊరుకో బాబూ. మా అమ్మ గాజులు చూశాను కదా. అవి ఉన్నాయని కూడా మర్చిపోయాను" అన్నారు. ఆ మాటకి నేనూ ఆపుకోలేకపోయాను.

నేను ఆవిడని చెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఇంట్లో దిగబెట్టి, మర్చిపోయిన గొడుగు కోసం మళ్ళీ పైకి వచ్చాను. అందరూ వెళ్ళిపోయారు. గవర్రాజు ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఇంకా కూర్చునే ఉన్నాడు.

"ఒక్క గీత పడనివ్వలేదు మాస్టారూ. తేమ తగలనివ్వలేదు. చెయ్యి కూడా పడనివ్వలేదు. ఇంతకంటే ఎవరు కాపాడతారు చెప్పండి?"

మాస్టారు తెర చుట్టేస్తున్నారు. గవర్రాజు కాసేపు చూసి, లేచి, చెప్పులు వేసుకుని గుమ్మం దాటాడు. అప్పుడు మాస్టారు కింద పడి ఉన్న ప్లాస్టిక్ సీలు ముక్కల మధ్యలోంచి సగం బ్లేడు ఏరి, కాగితంలో చుట్టి, అతన్ని వెనక్కి పిలిచారు.

"ఇది పట్టుకెళ్ళు నాయనా. ఇంట్లో బీరువా దగ్గర పని ఉంటుంది."